అనాతోతు: దేవత పేరు మిగిలిన యాజకుల ఊరు

అనాతోతు పాత నిబంధనలో పెద్దగా పేరుమోయని ఊరు. యెరూషలేముకు ఈశాన్యంగా నడిచి వెళ్లగల దూరంలో, బెన్యామీను గోత్రపు నేల మీద, కొండలు యూదయ ఎడారి వైపు దిగడం మొదలయ్యే చోట ఉండేది. ఇక్కడ ఏ రాజుకూ పట్టాభిషేకం జరగలేదు, చెప్పుకోదగ్గ యుద్ధమూ జరగలేదు. అహరోను వంశపు యాజకులకు బెన్యామీనీయులు విడిచిపెట్టిన నాలుగు పట్టణాల్లో ఇది ఒకటని యెహోషువ గ్రంథం 21వ అధ్యాయం చెబుతుంది. మిగిలిన మూడు గిబియోను, గెబ, అల్మోను. దావీదు శూరుల్లో ఒకడైన అబీయెజెరు ఈ ఊరివాడు. అన్నిటికీ మించి ఇది యిర్మీయా ప్రవక్త సొంత ఊరు. యెహోవా యాజకులు తరతరాలుగా కాపురమున్న ఈ ఊరి పేరులో కనానీయుల యుద్ధదేవత అనాత్ పేరు ఇమిడి ఉంది. ఇది చాలామంది వ్యాఖ్యాతలకు ఇబ్బందిగా తోచింది. కొందరు ఆ పేరుకు భక్తికి సరిపడే వేరే అర్థం వెతికారు. మరికొందరు ఎదురు కొసకు పోయి, ఆ యాజకులు చాటుమాటుగా దేవతను కొలిచి ఉంటారని ఊహించారు. ఈ రెండు దారులూ అనవసరం. పేరు పెట్టిన కాలంలో ఆ దేవత నిజంగానే ఉంది. బైబిలు రచయితలు ఆ పేరు పలికే కాలానికి అందులో దేవత వినిపించడం మానేసింది. మన చేతిలో ఉన్న ఆధారాలన్నీ ఈ వైపే మొగ్గుతున్నాయి.

ముందు పేరు నిర్మాణం చూద్దాం. హీబ్రూలో దీన్ని అయిన్, నూన్, తావ్, వావ్, తావ్ అనే ఐదు అక్షరాలతో రాస్తారు. మొదటి మూడు అక్షరాలు కలిస్తే అచ్చంగా అనాత్ దేవత పేరు. చివరి 'ఓత్' హీబ్రూలో స్త్రీలింగ బహువచన ప్రత్యయం. తెలుగు బైబిలు 'అనాతోతు' అని రాసేటప్పుడు గొంతు లోపలి నుంచి పలికే అయిన్ ధ్వని పోయి ఒట్టి 'అ' మిగిలింది, తెలుగులో ఆ ధ్వనికి అక్షరం లేదు కదా. బహువచనం ఎందుకు వచ్చిందన్న దానిపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. ఆ చోట అనాత్ ప్రతిమలు ఒకటికి మించి ఉండేవని కొందరంటారు. ఆ బహువచనం గౌరవం కోసమేనని, లేదా 'అనాతోతు ఇల్లు' అన్న పొడుగు పేరులో 'ఇల్లు' అనే మాట జారిపోయిందని మరికొందరంటారు. దీనికి జోడు ఉదాహరణ ఒకటుంది: బాషాను దేశంలోని అష్తారోతు పట్టణం. అక్కడా దేవత పేరే, అక్కడా 'ఓత్' ప్రత్యయమే. అష్తారోతు విషయంలో ఎవరికీ సందేహం లేనప్పుడు అదే అచ్చులో పోసిన అనాతోతు విషయంలో సందేహించడానికి కారణం కనబడదు. పైగా అనాత్ పేరున్న ఊళ్లు ఆ దేశంలో ఇంకా ఉన్నాయి. నఫ్తాలీయుల ప్రాంతంలోని బేతనాతు, అంటే 'అనాత్ ఇల్లు', ఈజిప్టు రాజులు చెక్కించిన ఊళ్ల జాబితాల్లోనూ కనిపిస్తుంది. నఫ్తాలీయులు అక్కడి కనానీయులను వెళ్లగొట్టలేకపోయారని న్యాయాధిపతుల గ్రంథమే ఒప్పుకుంటుంది.

అనాత్ గురించి మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం సిరియా తీరంలోని రాస్ షమ్రా దిబ్బ నుంచి వచ్చింది. 1928లో అక్కడికి దగ్గర్లో పొలం దున్నుతున్న రైతు నాగలికి ఒక సమాధి తగిలింది. 1929లో క్లాడ్ షేఫర్ నాయకత్వంలో ఫ్రెంచివారు తవ్వకం మొదలుపెట్టి ఉగరిత్ నగరాన్ని, దాని మట్టిపలకలను బయటకు తీశారు. ఇలిమిల్కు అనే లేఖకుడు రాసిన బయలు కథాచక్రంలో అనాత్ ఎంత భీకరంగా కనబడుతుందంటే, తెలుగు పాఠకుడికి కాళిక తలపుకు రాకమానదు. ఆమె మోకాలి లోతు నెత్తుటిలో నడుస్తూ శత్రువులను నరుకుతుంది. తెగిన తలలు వీపున, తెగిన చేతులు నడుముకు కట్టుకుంటుంది. బయలును మింగిన మృత్యుదేవుడు మోతును ఆమె చంపే తీరు మరీ విచిత్రం. కత్తితో చీలుస్తుంది, చేటతో తూర్పారబడుతుంది, నిప్పుల్లో కాలుస్తుంది, తిరగలితో విసురుతుంది, చివరికి పొలంలో చల్లుతుంది. నూర్పిడి కళ్లంలో ధాన్యానికి జరిగే పనులన్నీ చావుకు చేసిందన్నమాట. ఈ దేవత ఈజిప్టుకు కూడా వెళ్లింది. రెండవ రామెసెస్ తన కూతురికి 'అనాత్ కూతురు' అనే అర్థంలో బింత్-అనాత్ అని పేరు పెట్టుకున్నాడు. కనాను దేశంలోనే ఉన్న బేత్షెయానులో ఈజిప్టు కాలపు అనాత్ శిలాఫలకం దొరికింది. కాబట్టి ఆమె బెన్యామీను కొండలకు ఎక్కడి నుంచో ఊడిపడ్డ దేవత కాదు, ఆ నేలకు ఎరిగిన పేరే.

ఇప్పుడు అభ్యంతరాలు. 19వ శతాబ్దపు బైబిలు నిఘంటువులు అనాతోతుకు 'జవాబులు', ముఖ్యంగా 'ప్రార్థనకు వచ్చే జవాబులు' అని అర్థం చెప్పేవి. ఇప్పటికీ ప్రసంగాల్లో అదే చలామణిలో ఉంది. హీబ్రూలో 'అనా' అనే ధాతువుకు జవాబిచ్చుట అనే అర్థం ఉన్నమాట నిజమే. ఉగరిత్ పలకలు దొరక్క ముందు ఈ వివరణ ఇచ్చినవారిని తప్పుపట్టడానికి లేదు. అయితే ఆ ధాతువు నుంచి 'జవాబులు' అన్న బహువచన నామం ఈ రూపంలో హీబ్రూలో మరెక్కడా వాడుకలో లేదు. ప్రార్థనకు జవాబు దొరికిన సంఘటన ఏదీ ఈ ఊరితో ముడిపడి లేదు. బేతేలు, పెనూయేలు వంటి చోట్ల పేరు వెనుక కథ చెప్పకుండా ఊరుకోని బైబిలు ఇక్కడ ఏ కథా చెప్పదు. రెండో అభ్యంతరం దినవృత్తాంతముల మొదటి గ్రంథం నుంచి వస్తుంది. అక్కడ 7వ అధ్యాయంలో బెన్యామీను మనుమడుగా, బేకరు కొడుకుగా అనాతోతు అనే వ్యక్తి కనిపిస్తాడు. అంటే ఊరికి మనిషి పేరు వచ్చిందా? ఆ వచనంలోనే అతని పక్కన నిలబడ్డ సోదరుడి పేరు చూస్తే చిక్కు విడిపోతుంది. అతను అల్లెమెతు. అదే గ్రంథం 6వ అధ్యాయంలో అల్లెమెతు, అనాతోతు రెండూ యాజకుల పట్టణాలుగా జంటగా వస్తాయి. పక్కపక్క ఊళ్లను అన్నదమ్ములుగా చెప్పడం ఆ వంశావళుల పద్ధతి. ఊరే కొడుకైంది, కొడుకు ఊరవలేదు.

మరి ఆ పేరు ఎప్పుడు పెట్టారు? ఇక్కడ పురావస్తు శాస్త్రం కొంచెం మెలిక పెడుతుంది. 1936లో, ప్రాచీన అనాతోతుగా గుర్తించిన అనాతా గ్రామానికి కిలోమీటరు లోపే ఉన్న రాస్ అల్-ఖర్రూబా దిబ్బ మీద బెర్గ్‌మన్ అనే యువ పురావస్తువేత్త పరీక్షా తవ్వకాలు జరిపాడు. అవ్రహాం బిరన్‌గా పేరు మార్చుకుని, 1993లో తేల్ దాన్ శాసనంతో ప్రపంచానికి తెలిసినవాడు ఇతనే. ఖర్రూబాలో కాంస్యయుగపు కనానీయుల ఊరు బయటపడలేదు, ఆలయమూ దొరకలేదు. ఊరే లేని కాలంలో దేవత పేరు ఎవరు పెట్టారని అడగవచ్చు. దీనికి సమాధానం ఆ తర్వాతి యుగంలోనే దొరుకుతుంది. 1953లో బేత్లెహేము దగ్గరి అల్-ఖద్ర్ గ్రామంలో క్రీ.పూ. 11వ శతాబ్దపు కంచు బాణపు మొనలు బయటపడ్డాయి. వాటిలో ఒకదాని మీద ఒక విలుకాడి పేరు, దాని వెంట 'అనాత్ కుమారుడు' అన్న మాట చెక్కి ఉన్నాయి. న్యాయాధిపతుల గ్రంథంలో మునుకోలతో ఆరువందల మంది ఫిలిష్తీయులను హతం చేసిన షమ్గరు కూడా 'అనాతు కుమారుడే'. ఆ బిరుదు బేతనాతు ఊరివాడన్న గుర్తా, యుద్ధదేవత పేరున చెలామణీ అయిన వీరుల బిరుదా అన్నది తేలని విషయం. ఎలా చూసినా ఇనుపయుగం తొలి రోజుల్లో, అనాతోతుకు ఒక పూట నడక దూరంలో, అనాత్ పేరు మనుషుల నోట ఆడుతూనే ఉంది. ఊరు అప్పుడే వెలిసినా ఆ పేరు పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు. కొండకొమ్మున చిన్న పూజాస్థలం ఉండి, దాని పేరు తర్వాత వెలిసిన ఊరికి అంటుకొని ఉండవచ్చు కూడా.

ఇక అసలు ప్రశ్న. పేరు అన్యదేవతది అయినప్పుడు యెహోవా భక్తులు దాన్ని ఎందుకు మార్చలేదు? మార్చే అలవాటు వారికి లేక కాదు. కిర్యత్బయలును కిర్యత్యారీము అన్నారు. సౌలు కొడుకు ఎష్బయలు పేరులోని 'బయలు'ను లేఖకులు 'సిగ్గు' అనే మాటతో మార్చి ఇష్బోషెతు చేశారు. గిద్యోను బిరుదు యెరుబ్బయలుకూ ఒకచోట అదే గతి పట్టింది. రూబేనీయులు నెబో, బయల్మెయోను పట్టణాల పేర్లు మార్చారని సంఖ్యాకాండము బాహాటంగానే చెబుతుంది. హోషేయ ప్రవక్త 'దేవుని ఇల్లు' అయిన బేతేలును 'వ్యర్థపు ఇల్లు' అనే అర్థంలో బేతావెను అని వెక్కిరించాడు. ఇంత చురుకైన చెవులున్నవారు అనాతోతును మాత్రం అలాగే ఉంచారు. అందుకు ఒకే వివరణ సరిపోతుంది: వారి కాలానికి, వారి దేశంలో, అనాత్ బయలులా ఎదుటబడి పోరాడవలసిన దేవత కాదు. బైబిలంతా వెతికినా బయలు, అషేరా, అష్తారోతు, కెమోషు, మిల్కోము, మొలెకుల మీద విరుచుకుపడిన వచనాలు ఎన్నో ఉన్నాయి. దేవతగా అనాత్ పేరెత్తిన వచనం ఒక్కటీ లేదు. ఆమె మిగిలింది ఊళ్ల పేర్లలోనూ, మనుషుల పేర్లలోనూ మాత్రమే.

మౌనం నుంచి వాదన తీయడం బలహీనమైన పద్ధతి అని ఎవరైనా అనవచ్చు. మామూలుగా అది నిజమే. కానీ మాట్లాడి తీరవలసిన చోట కనిపించే మౌనానికి బరువుంటుంది, అనాతోతు విషయంలో అలాంటి చోట్లు కనీసం మూడున్నాయి. మొదటిది యోషీయా సంస్కరణ. క్రీ.పూ. 622 ప్రాంతంలో ఆ రాజు గెబ నుంచి బెయేర్షెబా వరకు ఉన్నత స్థలాలను అపవిత్రం చేయించాడు. గెబ అనాతోతుకు ఉత్తరాన కొద్ది దూరంలోనే ఉంది, అంటే ఆ ఊడ్పు అనాతోతు మీదుగానే సాగింది. రాజుల రెండవ గ్రంథం 23వ అధ్యాయం ఆ సందర్భంలో తొలగించిన దేవతల పట్టీని పూసగుచ్చినట్టు ఇస్తుంది. సూర్యునికి ప్రతిష్ఠించిన గుర్రాలను కూడా వదల్లేదు. అందులో అనాత్ లేదు. రెండోది యిర్మీయా గ్రంథం 11వ అధ్యాయం. యూదా పట్టణాలు ఎన్నో వారి దేవతలు అన్ని అని ప్రవక్త ఎత్తిపొడిచింది ఈ అధ్యాయంలోనే. అనాతోతు మనుషులు తనను చంపజూశారని చెప్పి వారిని శపించిందీ ఈ అధ్యాయంలోనే. మాటల శ్లేషలో యిర్మీయాకు సాటి లేదు. బాదంచెట్టును చూసి 'షాకేద్', 'షోకేద్' అని శ్లేషించాడు. తనను బొండలో వేయించిన పషూరుకు 'అన్నివైపులా భయం' అని మారుపేరు పెట్టాడు. సొంత ఊరివాళ్ల మీద అంత కోపంతో ఉన్నవాడికి, ఊరి పేరులోనే అన్యదేవత ఉంటే అంతకన్నా పదునైన ఆయుధం దొరుకుతుందా? వాడుకోలేదు. ఆ పేరులో దేవత అతనికి వినిపించలేదనడమే సహజం.

మూడోది చెరకాలం తర్వాతిది. నెహెమ్యా గ్రంథం 10వ అధ్యాయంలో అన్యజనులతో వియ్యమందబోమని, మోషే ధర్మశాస్త్రాన్ని తప్పబోమని పెద్దలు ముద్రలు వేసిన ఒడంబడిక ఉంది. సంతకాల వరుసలో 'అనాతోతు' అనే పేరు కనిపిస్తుంది. అది మనిషి పేరో, ఆ ఊరి కుటుంబాల తరఫున వేసిన ముద్రో తేల్చి చెప్పడం కష్టం. అంత కట్టుదిట్టమైన పత్రం మీద ఆ పేరుకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదన్నది మాత్రం స్పష్టం. ఇక మౌనం కాని సాక్ష్యం కూడా ఒకటుంది. యెషయా గ్రంథం 10వ అధ్యాయంలో ఉత్తరం నుంచి దండెత్తి వస్తున్న సైన్యం దారిలోని ఊళ్లను ఒక్కొక్కటిగా ప్రస్తావిస్తూ ప్రవక్త అనాతోతు దగ్గరికి వచ్చేసరికి 'అనియ్యా' అనే మాట జోడిస్తాడు. దానికి దీనురాలు, బాధపడినది అని అర్థం. ప్రాచీన సిరియాక్ అనువాదం అక్కడ 'ఆమెకు జవాబివ్వు' అన్నట్టు చదివింది. ఏ పాఠం సరైనదైనా, ఆ పేరు హీబ్రూవారి చెవికి దీనత్వాన్నో జవాబునో తలపించింది, దేవతను కాదు. 'జవాబులు' అనే పాత నిఘంటువు అర్థం ఈ విధంగా చరిత్రగా పొరపాటే అయినా, ఆ తర్వాతివారు పేరును ఎలా విన్నారో చెప్పే సాక్ష్యంగా పనికొస్తుంది.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. యిర్మీయా 7, 44 అధ్యాయాల్లో స్త్రీలు పిండివంటలు చేసి నైవేద్యం పెట్టిన 'ఆకాశరాణి' అనాతే అయితే? కొందరు పండితులు అలా అన్నారు కూడా. కానీ ఆ పిండివంటకు గ్రంథం వాడిన మాట అక్కదు భాషలో ఇష్తారు పూజతో ముడిపడిన రొట్టె పేరుకు దగ్గరిది. అందుకే ఎక్కువమంది ఇష్తారు లేదా ఆమె పశ్చిమ రూపం అష్తార్తు వైపు మొగ్గుతారు. ఎలిఫాంటైన్ పత్రాలు మరింత చిక్కైనవి. క్రీ.పూ. 5వ శతాబ్దంలో నైలు నది మీది ఆ దీవిలో కాపలా ఉన్న యూదు సైనికులు అరామిక్ పత్రాలు వదిలివెళ్లారు. ఒక ప్రమాణపత్రంలో అనాత్-యాహు అనే పేరు వస్తుంది. ఒక చందాల పట్టీలో యాహుకు 126 షెకెళ్లు, అనాత్-బేతేలుకు 120 షెకెళ్లు వేరువేరుగా లెక్కకట్టారు. యూదులలో అనాత్ పూజ బతికే ఉందనడానికి ఇంతకన్నా ఏం కావాలని అడగవచ్చు. అయితే ఈ అనాత్-బేతేలు జంటపేరు అంతకు ముందే, క్రీ.పూ. 7వ శతాబ్దంలో, అష్షూరు రాజు ఎసర్హద్దోను తూరు రాజుతో చేసుకున్న ఒప్పందంలో కనిపిస్తుంది. ఆమె సిరియా, ఫేనీకే అరామీయుల దారిలో వచ్చిన దేవత. ఎలిఫాంటైన్‌లో యూదులు అరామీయులతో కలసిమెలసి బతికారు, అరామిక్‌లోనే రాసుకున్నారు. అక్కడి పూజ బెన్యామీను కొండల్లో పాత దేవత నిలిచి ఉందని రుజువు చేయదు.

పేరులోంచి దేవత ఇలా ఖాళీ అయిపోవడం అరుదేమీ కాదు. యెరూషలేము అన్న పేరులోనే ఉగరిత్ పలకల్లో కనిపించే సంజవేళ దేవుడు షాలేము ఉన్నాడన్నది చాలామంది ఒప్పుకున్న మాట. బేత్షెమెషు సూర్యుని ఇల్లు, బేత్‌హోరోను హోరోను దేవుని ఇల్లు. తమ్మూజు కోసం స్త్రీలు ఏడవడాన్ని యెహెజ్కేలు హేయమన్నాడు. అదే తమ్మూజు పేరుతో ఒక నెల నేటికీ యూదుల పంచాంగంలో ఉంది. తెలుగు క్రైస్తవులు ఆరాధనకు వెళ్లేది ఆదివారం, ఆ మాటలో ఉన్నది ఆదిత్యుడు. గుడి మెట్లెక్కేవారిలో సూర్యుణ్ణి తలచేవారు ఎవరున్నారు?

దేవత ఖాళీ చేసిన చోటు అలాగే ఉండిపోలేదు. బైబిలు కథనంలో అనాతోతుకు వేరే అర్థాలు సమకూరాయి. నోబు యాజకులను సౌలు ఊచకోత కోయించినప్పుడు తప్పించుకున్న అబ్యాతారు, దావీదు తర్వాతి రాజెవరన్న పోటీలో అదోనీయా పక్షం వహించాడు; అయినా సొలొమోను అతణ్ణి ప్రాణాలతో వదిలి అనాతోతులోని సొంత పొలాలకు పంపేశాడు. పదవి పోయిన యాజకుడి ఊరిగా అది అలా మిగిలింది. యిర్మీయా అబ్యాతారు సంతతివాడేనన్న ఊహ పాతదే, దానికి నేరుగా ఆధారం లేదు. ఇంకా బరువైన అర్థం యిర్మీయా 32వ అధ్యాయంలో వస్తుంది. సిద్కియా ఏలుబడి పదో ఏట, బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టి ఉండగా, ప్రవక్త రాజుగారి చెరలో ఉండగా, పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి అనాతోతు పొలం కొనమంటాడు. శత్రువు చేతిలో పడబోతున్న భూమిని డబ్బిచ్చి కొనడం తెలివైనవాడు చేసే పని కాదు. అయినా యిర్మీయా 17 షెకెళ్ల వెండి తూచి ఇచ్చాడు. తెలుగు బైబిలు షెకెలును తులమని రాసింది, చిత్రంగా రెండూ తూకంలో దాదాపు సమానమే. మొత్తం సుమారు 190 గ్రాములు. క్రయపత్రం రెండు ప్రతులు, ఒకటి ముద్రవేసినది, ఒకటి తెరిచి ఉన్నది. సాక్షుల ఎదుట ప్రవక్త లేఖకుడు బారూకు వాటిని మట్టికుండలో పెట్టాడు, చాలా కాలం నిలవాలని. పూర్వీకుల నేల మళ్లీ చేతులు మారుతుందని, ఇళ్లూ పొలాలూ ద్రాక్షతోటలూ మళ్లీ కొంటారని చెప్పడానికే ఈ కొనుగోలు. చెర నుంచి తిరిగి వచ్చినవారి పట్టీలో ఎజ్రా, నెహెమ్యా గ్రంథాలు రెండూ అనాతోతు మనుషులు 128 మంది అని ఒకే సంఖ్య చెబుతాయి. అనాతోతు పేరు వినగానే బైబిలు చదివినవారికి గుర్తుకు రావలసింది ఈ క్రయపత్రమే, అనాత్ కత్తి కాదు.

ఊరి గుర్తింపు గురించి పెద్ద వివాదం లేదు. యెరూషలేము నుంచి 20 స్టేడియాల దూరమని జోసీఫసు, మూడు మైళ్లని యూసీబియసు రాశారు. 1838లో అమెరికన్ పండితుడు ఎడ్వర్డ్ రాబిన్సన్ అనాతా గ్రామాన్ని ప్రాచీన అనాతోతుగా గుర్తించాడు. తర్వాతివారు అసలు దిబ్బ గ్రామంలోనే ఉందా, ఖర్రూబా మీద ఉందా అని వాదించుకున్నారే తప్ప ఆ చుట్టుపక్కలు దాటి పోలేదు. గుర్తింపుకు ముఖ్య ఆధారం ఆ పేరే. అరబ్బీ నోట బహువచనపు 'ఓత్' రాలిపోయి, అనాత్ మాత్రం మిగిలింది. నేటి అనాతా వెస్ట్ బ్యాంకులో పాలస్తీనీయుల పట్టణం. దానికి తూర్పున 1980లలో వెలిసిన ఇశ్రాయేలు సెటిల్‌మెంటుకు అల్మోను, అనాతోత్ అనే రెండు పేర్లూ వాడుకలో ఉన్నాయి.